తాటితలల మీద నలుపు

ఈ ఉదయం ధర్మసాగర్ చెరువు కట్ట మీద నిలబడి, అద్దానికి నోటి ఆవిరి ఊది పాత వాయిల్ చీర ముక్కతో తుడిచాను. అద్దం పూర్తిగా శుభ్రపడగానే వేలి కింద కిర్రుమని చిన్న శబ్దం వస్తుంది. ఆ శబ్దం రానిదే అద్దాన్ని కెమెరా ముందు పెట్టకూడదని నాకు నేర్పింది ప్రమీలక్క. అది వినగానే ఆమె నా వెనకే నిలబడి ఉన్నట్టు అనిపించి, అలవాటుకొద్దీ తిరిగి చూశాను. పాలక్యాన్లు కట్టుకున్న మోటర్‌సైకిలు ఒకటి కట్ట మీద పోతోంది, అంతే. నీళ్ళ అవతలి గుట్ట మీద అప్పుడే వెలుగు పడుతోంది. అద్దాన్ని కెమెరా ముందుకి దించి, నాలుగు ఫోటోలు తీసుకొని ఇంటికొచ్చాను. వచ్చాక మాత్రం వేరే పని చేయబుద్ధి కాలేదు. ఆమెను చూడనివాళ్ళకు ఆమె ఎలాంటి మనిషో చెప్పాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నాను. కొంచెం గర్వంగానే చెబుతాను. ప్రమీలక్క దగ్గర పని నేర్చుకున్నదాన్ని, ఆ మాత్రం గర్వం నాకు చెల్లుతుంది.

ముందు ఆ అద్దం సంగతి. అరచేతికంటే కొంచెం పెద్ద పలక అది. పైసగం బూడిద నలుపు, కిందిసగం మామూలు గాజు. గ్రాడ్యుయేటెడ్ న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్ అని దాని అసలు పేరు. ప్రమీలక్క మాత్రం 'సగం నల్లద్దం' అనేది. మన కన్ను ఆకాశాన్నీ నేలనూ ఒకేసారి చూడగలుగుతుంది. కెమెరాకు అంత శక్తి లేదు. పొలం సరిగ్గా రావాలనుకుంటే ఆకాశం సున్నం కొట్టిన గోడలా తెల్లగా పోతుంది. మబ్బును పట్టుకుందామంటే పొలం బొగ్గవుతుంది. నల్లసగం ఆకాశం మీదికి, గాజుసగం నేల మీదికి వచ్చేట్టు ఆ పలకను కెమెరా ముందు నిలబెడితే రెండూ ఒకే ఫోటోలో కుదురుతాయి. చెప్పడానికి ఇంతే. చేతికి రావడానికి నాకు ఏళ్ళు పట్టింది.

నేను ప్రమీలక్క దగ్గర చేరింది ఫోటోలు తీయడానికి కాదు. హన్మకొండ చౌరస్తా నుంచి లోపలికి తిరిగే ఒక సందులో వాళ్ళ నాన్న పెట్టిన స్టూడియోను ఆమె నడుపుతుండేది. పెళ్ళిళ్ళకు తనే కెమెరా మెడలో వేసుకొని వెళ్ళేది. పెళ్ళివాళ్ళు ఆమె వెనక్కి తొంగిచూసి ఫోటోగ్రాఫర్ సార్ ఏడి అని అడిగితే, "సార్ నేనే. ముందుగాల పెండ్లిపిల్లను వెలుగుకు తీస్కరాండ్రి" అనేది. మాది వరంగల్‌లో స్టీల్ సామాన్ల దుకాణం. మా నాన్న, బాపు అంటాం, గల్లా దగ్గర కూర్చుంటే, గిన్నెల మీద పేర్లు కొట్టే పని నాది. డిగ్రీ చదువుతున్నప్పుడు కూడా సాయంత్రాలు ఆ చిన్న మిషన్ పట్టుకొని బిందెల అంచుల మీద, టిఫిన్ డబ్బాల మూతల మీద పేర్లు చెక్కేదాన్ని. ఒకరోజు అక్క డబ్బా కొనడానికి వచ్చింది. దాని మీద ఆమె పేరు కొడుతుంటే నా ముఖం వంక చూడకుండా నా చేతినే చూస్తూ నిలబడింది.

"చెయ్యి వణుకుతలేదు నీది. కంప్యూటర్ వస్తదా?" అని అడిగింది.

వస్తుందన్నాను. ఆ నెల నుంచే స్టూడియోలో ఆల్బమ్‌లు తయారుచేసే పనికి కుదిరాను. నీడపట్టున కూర్చొని చేసే పని కాబట్టి బాపు కూడా సరేనన్నాడు.

కంప్యూటర్ మీద నేను అందరికంటే బాగా చేసిన పని ఆకాశాలు మార్చడం. ఊళ్ళల్లో మిట్టమధ్యాహ్నం తీసిన పెళ్ళి ఫోటోల్లో ఆకాశం ఎప్పుడూ తెల్లగా పాలిపోయి ఉండేది. జనానికేమో నీలం కావాలి, మబ్బులు కావాలి, కుదిరితే పిట్టలూ కావాలి. నేను ఎక్కడెక్కడివో ఆకాశాలు పోగుచేసి పెట్టుకున్నాను. పెళ్ళికూతురి జడలోని పూల చుట్టూ, పందిట్లోని మామిడాకుల చుట్టూ ఓపికగా కత్తిరించి, వెనక కొత్త ఆకాశం అతికించేదాన్ని. అతుకు ఎక్కడుందో ఎవరూ పట్టుకోలేకపోయేవారు. వేరే స్టూడియోల వాళ్ళు కూడా తమ ఆల్బమ్‌లు నాకే పంపేవారు. స్రవంతి అంటే 'ఆకాశం అతికించే అమ్మాయి కదా' అని మా లైన్లో పేరు పడింది. ఆ పేరు వింటే నాకు ముచ్చటగానే ఉండేది.

ఒకసారి నెక్కొండ నుంచి ఒక అమ్మాయి తన పెళ్ళి ఆల్బమ్ పట్టుకొని వచ్చింది. పోట్లాటకు రాలేదు, నవ్వుకుంటూనే వచ్చింది. తన ఆల్బమ్‌లోని మబ్బు, మబ్బు పక్కన ఎగిరే కొంగలు అన్నీ వాళ్ళ చిన్నమ్మ బిడ్డ ఆల్బమ్‌లోనూ ఉన్నాయట. "నా కొంగలు దానింటికెట్ల పోయినయ్ అక్కా?" అని అడిగింది. ప్రమీలక్క కడుపుబ్బ నవ్వి ఆమెకు చాయ్ తెప్పించింది. ఆమె వెళ్ళాక నా పక్కన స్టూలు మీద కూర్చుంది.

"స్రవంతీ, ఆ పిల్ల పెండ్లినాడు నెక్కొండల మబ్బు ఎట్లుండె?"

"నాకేమెర్క అక్కా. నేను పోలేదు గద."

"నేను పోయిన. పొద్దంత ఉబ్బరం. తలంబ్రాలప్పుడు స్టేషన్ దిక్కు నుంచి నల్లగ కమ్ముకొచ్చింది. ఆ పిల్ల జర భయపడ్డది, పందిరి కొట్కపోతదేమోనని. మంచిగుండె ఆ మబ్బు. నా కెమెరాకు దొరకలె. నువ్వు దాని జాగల కొంగలను పెట్టినవ్."

తిట్టలేదు, వెక్కిరించలేదు. తనకే ఏదో పోయినట్టు చెప్పింది. నాకు మాత్రం చురుక్కుమంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "అయితే ఆ మబ్బు ఎట్ల దొరుకుతదో మీరే చూపియ్యిండ్రి" అన్నాను. ఆమె ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టుంది. ఆ ఆదివారమే తెల్లవారుజామున స్కూటీ మీద మా ఇంటి ముందుకొచ్చి హారన్ కొట్టింది.

ధర్మసాగర్ కట్ట మీదికి చేరేసరికి తూర్పున ఎర్రబారుతోంది. ఆమె కెమెరా బయటికి తీయలేదు. నన్ను నీళ్ళవైపు తిప్పి నిలబెట్టి, ఏం కనిపిస్తుందో చెప్పమంది. ఆకాశం బాగుందన్నాను. కింద ఏముందని అడిగింది. కళ్ళు చికిలించి చూశాను, వెలుగు కళ్ళల్లో కొట్టి కిందిదంతా మసకగా ఉంది. అప్పుడు ఆమె వెనక నుంచి వచ్చి తన అరచేతిని నా నుదుటి మీద అడ్డంగా ఆనించింది, చెల్కల్లో పనిచేసేవాళ్ళు ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకొని దూరం చూస్తారే, అలా. ఆ చేతి కిందినుంచి చూస్తే ఒడ్డున రాళ్ళు, రాళ్ళ మధ్య తుంగ, కట్టేసి ఉన్న చేపల పుట్టి, దాంట్లో చుట్టి పెట్టిన వల, అన్నీ ఒక్కొక్కటిగా తేలాయి.

"కనబడ్డదా?"

"కనబడ్డది."

"గంతే. ఇదే అద్దం. మిగిలిందంత దుకాణంల కొనుక్కొచ్చిన సామాను."

ఆ తర్వాతే సంచిలోంచి అద్దాలు తీసింది. రవికె గుడ్డలతో కుట్టిన చిన్న సంచుల్లో దాచుకునేది వాటిని. రెండు రకాలు ఉండేవి. ఒకదాంట్లో నలుపు ఒక్కసారిగా గీత గీసినట్టు ఆగిపోతుంది. దాన్ని గట్టి అద్దం అనేది. రెండోదాంట్లో నలుపు మెల్లమెల్లగా పలచబడి గాజులో కలిసిపోతుంది. అది మెత్త అద్దం. చెరువులాంటి చోట, నీళ్ళూ ఆకాశమూ తిన్నగా కలిసే చోట గట్టిది వాడొచ్చు. చెట్టో గుట్టో గుడి గోపురమో ఆ గీత దాటి పైకి లేస్తే మెత్తదే పెట్టాలి. లేకపోతే గీతకు పైనున్నదంతా మాడిపోతుంది. ఏది పెట్టినా సరే, ముందు నేలకు ఎంత వెలుగు కావాలో కొలిచి, తర్వాత ఆకాశాన్ని కొలిచి, రెండిటికీ ఎంత తేడా ఉందో చూసుకొని దానికి తగ్గ నలుపును ఎంచుకోవాలి. "ముందుగాల నేలను అడుగు. ఆకాశానిది ఎప్పుడూ పెద్ద నోరే. అడగకున్నా చెప్తది" అనేది.

ఆ రోజు నుంచి నాకు ఆదివారాలు లేకుండా పోయాయి. అద్దాన్ని కెమెరా ముందు బిగించిన చట్రంలో మెల్లగా కిందికి జార్చాలి, నేల మసకబారగానే ఆగి వెంట్రుకంత పైకి లేపాలి. వినడానికి సులువుగా ఉంటుంది. ఒకసారి నా చెయ్యి వంకరగా ఉండి ఆకాశంలో ఒక మూల చీకటి, ఒక మూల వెన్నెల. ఒకసారి వెనకనుంచి ఎండ తగిలి అద్దంలో నా ముఖమే ఫోటోలోకి వచ్చింది. అది చూసి అక్క వారం రోజులు నవ్వింది. "ఆకాశంల దేవతలు ఉంటరంటరు గని నువ్వున్నవని నాకెర్క లేకపాయె" అని వచ్చినవాళ్ళందరికీ చూపించింది. నేను అలిగి రెండు పూటలు ఆమెతో మాట్లాడలేదు. ఆమె ఆ రెండు పూటలూ తన చాయ్‌తో పాటు నాదీ తాగేసి హాయిగా కూర్చుంది.

అన్నిటికంటే గుర్తుండిపోయింది చెరువు ఫోటో. నేను ఎంతో కష్టపడి ఆకాశాన్ని ముదురుగా, ఎర్రగా పట్టుకొచ్చాను. కంప్యూటర్ మీద చూసి నేనే మురిసిపోయి అక్కను పిలిచాను. ఆమె చూసి పెదవి విరిచింది.

"నీళ్ళను చూడు. ఆకాశానికంటే నీళ్ళే ఎక్కువ మెరుస్తానయ్."

"అయితే ఏమాయె అక్కా, మంచిగనే ఉన్నది గద."

"పిల్లా, పొద్దుగాల అద్దంల ముఖం చూసుకుంటవ్ గద. అద్దంల ముఖం నీ ముఖం కంటె తెల్లగ ఎన్నడన్న కనబడ్డదా?"

నీళ్ళలో కనిపించేది ఆకాశం నీడ. అసలు దానికంటే నీడ ఎక్కువ వెలగదు. నేను మరీ నల్ల అద్దం పెట్టి ఆకాశాన్ని అవసరానికి మించి తొక్కేశాను, అందుకే లెక్క తిరగబడింది. నాకెంత కోపమొచ్చినా ఆమె చెప్పింది ఒకసారి చూశాక ఇక చూడకుండా ఉండలేకపోయాను. గోడల మీది క్యాలెండర్లలో, బస్టాండులోని పెద్ద పెద్ద ప్రకటనల్లో నీళ్ళు ఆకాశాన్ని మించి మెరుస్తుంటే ఇప్పటికీ నా చూపు అక్కడే ఆగుతుంది. నా పక్కనున్నవాళ్ళకు విసుగొస్తుంది.

ఇంతలో ఇంట్లో గొడవ మొదలైంది. నీడపట్టున కూర్చునే పని అనుకుంటే నేను కట్టల వెంట, చెల్కల వెంట తిరుగుతున్నానని బాపుకు తెలిసిపోయింది. ఆయన అరిచే మనిషి కాదు. గిన్నెలు తుడుస్తూ తుడుస్తూ అన్నాడు: "దుకాణానికి వచ్చినోళ్ళు అడుగుతాండ్రు బిడ్డా. మీ పిల్ల కెమెరా పట్టుకొని తాటిచెట్లల్ల తిరుగుతాంది, ఏం పని అని. నేనేం చెప్పాలె?" నేను ఫోటోగ్రాఫర్‌నని చెప్పమన్నాను. "ఆ మాట నువ్వు చెప్తే సాలదు. ఆ పని ఎర్కున్నోళ్ళు చెప్పాలె" అన్నాడు. దుకాణదారు కదా, సరుకు సంగతి అమ్మేవాడి నోటి నుంచి కాక సరుకు తెలిసినవాడి నోటి నుంచి వినాలంటాడు. ఊళ్ళోని ఫోటోగ్రాఫర్లంతా కలిసి ఏటేటా ఒక ప్రదర్శన పెడతారు. దాంట్లో ఆ ఏడు నా ఫోటో గోడ మీద నిలబడితే కెమెరా పట్టుకోవడానికి తనకేం అభ్యంతరం లేదన్నాడు. నిలబడకపోతే మళ్ళీ కంప్యూటర్ ముందుకు పోవాలి, కాదంటే దుకాణంలో పేర్లు కొట్టుకోవాలి. ఆ మాట అక్కకు చెప్పాను. ఆమె "మీ బాపు మంచి షరతే పెట్టిండు" అంది తప్ప ఓదార్పుగా ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఆ ఫోటో నర్సంపేట నుంచి నెక్కొండ పోయే తొవ్వలో దొరికింది. ఒక పెళ్ళి పని ముగించుకొని స్కూటీ మీద తిరిగొస్తున్నాం. వాన పడి వెలిసింది. పడమట మబ్బు అంచు తెగి, అక్కడినుంచి వెలుగు అడ్డంగా పత్తిచేల మీద పడుతోంది. దూరాన ఇంకా ఒక చోట వాన తెరలా దిగుతోంది. రోడ్డు పక్కన ఒరవలో, వాననీరు పారే కాలువలో, నీళ్ళు నిలిచి, ఆ మబ్బంతా తలకిందులుగా దాంట్లో కనిపిస్తోంది. ఒరవ పక్కన తాటిచెట్ల వరస. అక్క స్కూటీ ఆపి, దిగకుండానే "దిగు, నీదే" అంది. నేను సంచి విప్పాను. మెత్త అద్దం లేదు. పొద్దున తుడిచి స్టూడియోలో బల్ల మీదే మరిచిపోయి వచ్చాం. ఉన్నది గట్టి అద్దం ఒక్కటే. గట్టి అద్దం పెడితే తాటిచెట్ల పైసగం నల్లబడుతుందని నాకు తెలుసు. పెట్టకపోతే ఆ మబ్బు ఉండదు. వెలుగు పోతోంది. పత్తి ఏరి ఇళ్ళకు పోతున్న ఆడవాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకొని ఒరవ గట్టు మీదికి వచ్చారు. నన్ను చూసి ఒకామె ఆగింది.

"ఏ పేపర్ల వస్తది బిడ్డా?"

"పేపర్ల రాదమ్మా, వరంగల్ల గోడకు పెడ్తరు."

"అయితే జర మంచిగ తియ్యి. మా ఇంటాయన అటే పోతడు, చూస్తడు."

గట్టి అద్దమే పెట్టాను. నేల మసకబారేదాకా దించి, వెంట్రుకంత లేపి, ఆ ఆడవాళ్ళు నీళ్ళ పక్కకు రాగానే నొక్కాను. మళ్ళీ నొక్కేలోపు మబ్బు మూసుకుంది.

స్టూడియోకు వచ్చి చూస్తే నేను భయపడ్డట్టే అయింది. అంతా బాగుంది, పత్తి తెల్లదనం, మూటల కింద ఆ ఆడవాళ్ళ ముఖాలు, నీళ్ళలో మబ్బు, దూరాన వాన. తాటిచెట్ల మొదళ్ళు మాత్రం బూడిదరంగులో చక్కగా ఉండి, పొలం అంచు దాటగానే మానులూ తలలూ నల్లబడిపోయాయి, ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు. నేను వెంటనే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఒక్కో మట్ట చుట్టూ కత్తిరించి, ఆ తలలకు కాస్త వెలుగు పోస్తే ఎవరికీ తెలియదు. అలాంటి పని నాకు మంచినీళ్ళప్రాయం. అక్క వచ్చి నా చేతిమీద చెయ్యేసి ఆపింది.

"ఉండనియ్యి."

"తప్పు అక్కా అది. చూసేటోళ్ళు నవ్వుతరు."

"తప్పే. ఎర్కుండి చేసినవ్. మబ్బు కావాల్నా, తాటితలలు కావాల్నా అని అడిగితే మబ్బు అన్నవ్. అన్నంక మాట మీద ఉండు. అద్దం పెట్టిన జాడ గది. దాన్ని తుడ్చకు."

నాకు నచ్చలేదు. గొణుక్కుంటూనే అలాగే ప్రింటు తీయించాను. కొత్తగా ఫోటో పెట్టేవాళ్ళ తరఫున ఒక పెద్ద ఫోటోగ్రాఫర్ మాట ఇవ్వాలని ఆ ప్రదర్శనలో నియమం. ఒకే నొక్కుడుతో తీసినది, బయటినుంచి ఏదీ తెచ్చి అతికించలేదు అని. ప్రమీలక్క మాట ఇచ్చింది. మా లైన్లో ఆమె మాటను అప్పటిదాకా ఎవరూ అనుమానించింది లేదు.

ప్రదర్శన ఒక ఫంక్షన్ హాల్లో. నా ఫోటో చుట్టూ మనుషులు గుమిగూడుతుంటే దూరం నుంచి చూస్తూ పొంగిపోయాను. కాసేపటికి ఆ గుంపులోంచి గుసగుసలు మొదలయ్యాయి. ఇంకో స్టూడియో నడిపే ఒకాయన, చెడ్డవాడేం కాదు, తన ఆల్బమ్‌లలో ఆకాశాలు నాచేతే మార్పించుకున్నవాడు, నవ్వుతూనే అన్నాడు: "ఈ మబ్బు మంచిగున్నది గని, మన స్రవంతిదేనాయె. ఎక్కడినుంచి తెచ్చి పెట్టిందో." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వులో పగ లేదు, అదే ఇంకా ఘోరంగా ఉంది. వాళ్ళ దృష్టిలో అది నా పనే కదా. నాకు తల కొట్టేసినట్టయింది. ప్రదర్శన పెద్ద అయిన ముసలాయన నన్నూ అక్కనూ పిలిపించి, కెమెరా కార్డు తెచ్చి చూపించగలమా అని మర్యాదగా అడిగాడు. కార్డులో ఏముంది. మా స్టూడియోలో ఉన్నవే కొద్ది కార్డులు. ఫోటోలు కంప్యూటర్‌లోకి దించగానే తుడిచేసి మర్నాటి పెళ్ళికి వాడేవాళ్ళం. కంప్యూటర్లో ఫోటో ఉంది, కానీ ఆకాశాలు మార్చేది ఆ కంప్యూటర్ మీదే కదా, దాన్ని చూపిస్తే నమ్మేదెవరు.

అప్పుడే హాలు గుమ్మంలో బాపు కనిపించాడు. దుకాణం కట్టేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చాడు. ఏం జరుగుతోందో అర్థమై అక్కడే ఆగిపోయాడు. అక్క మాట కూడా నా వల్ల మట్టికొట్టుకుపోతుందని ఏడుపొచ్చింది. ఆమె మాట్లాడుతుందని, ఒక్క మాటతో అందరి నోళ్ళూ మూయిస్తుందని ఆమె వైపు చూశాను.

ఆమె నా వైపు చూడలేదు. ముసలాయనతో తాపీగా అంది: "నా మాట నేనిచ్చిన. ఫోటో ఆమెది. ఆమెనే చెప్తది."

అంత కోపం ఆమె మీద నాకు ఎప్పుడూ రాలేదు. ఆ కోపంలోనే ఫోటో దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నోరు విప్పాక ఇక ఆగలేదు.

"అతికించేదాన్ని నేనే గద. ఎట్ల అతికిస్తరో నాకంటె ఎక్కువ ఎవలికెర్క? ఆకాశం మార్చేటప్పుడు చెట్టును ముట్టుకోను. చెట్టు చుట్టూ కత్తిరించి, వెనుక కొత్త ఆకాశం పెడ్త. చెట్టు మొదలు ఏ రంగుంటదో తలకాయ గూడ గదే రంగుంటది. ఇక్కడ చూడుండ్రి. సగం మాను బూడిదరంగు, సగం నలుపు. మబ్బు మీద ఎంత నలుపు పడ్డదో తాటితలల మీద గూడ గంతే పడ్డది, ఈ మూల నుంచి ఆ మూల దాక ఒక్కటే గీత. అద్దానికి చెట్టేదో మబ్బేదో తెల్వది. అది అందరి మీదా పడ్తది. నేను అతికిస్తె ఈ తప్పు ఉండనే ఉండదు."

తాటితలల మీదున్న వేలిని కిందికి, నీళ్ళ మీదికి దించాను.

"ఇగ ఈ ఒరవ నీళ్ళు చూడుండ్రి. గదే మబ్బు, తలకిందులుగ. మీ ఆల్బమ్‌లు ఎన్ని చేసిన సార్ నేను? ఒక్కదాంట్లనన్న నీళ్ళల్ల మబ్బు మార్చిన్నా? అంత తీరిక మీరిచ్చిండ్రా?"

ముందు నవ్వింది ఆ స్టూడియో ఆయనే. "లేదమ్మా, ఎన్నడూ ఇయ్యలె" అన్నాడు. ఫోటో దగ్గరికి వచ్చి, కళ్ళజోడు పైకెత్తి, తాటిమానుల మీది గీతను ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలితో చూసుకుంటూ పోయాడు. తర్వాత వెనక్కి తిరిగి "అద్దమే. నేనన్న మాట వాపసు తీస్కుంటాన" అని అందరికీ వినబడేలా చెప్పాడు. ఆ పెద్దరికం ఆయనలో ఉంది, దాన్ని నేను మరిచిపోలేదు. ముసలాయన నా ఫోటోను మూల గోడ మీద నుంచి తీయించి గుమ్మానికి ఎదురుగా పెట్టించాడు. బహుమతి ఇంకెవరికో వచ్చింది. ఎవరికి వచ్చిందో నాకు గుర్తు కూడా లేదు.

బాపు అందరూ వెళ్ళేదాకా ఆగి ఫోటో ముందు నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. "ఈమె నడుస్తాంటె మూట జారుతాంది, చూసినవా, చేత్తోటి పట్టుకున్నది" అన్నాడు. నేను గమనించని సంగతి అది. వెళ్తూ వెళ్తూ అక్కకు దండం పెట్టాడు. మర్నాడు దుకాణంలో ఎవరో అడిగితే "మా బిడ్డ ఫోటోగ్రాఫర్" అని చెప్పడం నేను లోపలి నుంచి విన్నాను. గిన్నెలు సర్దుతున్నట్టు నటిస్తూ అక్కడే నిలబడిపోయాను.

ప్రదర్శన ముగిసిన సాయంత్రమే స్కూటీ మీద వస్తూ అక్కను నిలదీశాను. ఒక్క మాట చెబితే ఏం పోయేదని. చౌరస్తా దాటాక ఆమె స్కూటీ నెమ్మది చేసింది. "నేను చెప్తే నన్ను నమ్ముదురు. నిన్నెప్పుడు నమ్మాలె వాళ్ళు?" అంది. తనే మళ్ళీ అంది: "నాకు గూడ భయమైంది పిల్లా. నువ్వు నీళ్ళ సంగతి మర్చిపోతవేమోనని." ఆమెకు భయమైందన్న మాట విని నాకు కోపం పోయింది. ఆ తర్వాతి పెళ్ళికి కెమెరా నా మెడలో వేసి, తను లైటు పట్టుకొని వచ్చింది. ఫోటోగ్రాఫర్ సార్ ఏడి అని వాళ్ళు అడిగితే నావైపు చూపించింది.

తాటిచెట్ల ఫోటోను ఆమె తన స్టూడియోలో, కస్టమర్లు కూర్చునే చోటికి ఎదురుగా పెట్టుకుంది. చాలామంది అడిగేవారు, చెట్ల తలలు నల్లగా ఉన్నాయేమిటని. "మా పిల్ల సంతకం" అనేది. నేను లోపల సిగ్గుపడి పైకి విసుక్కునేదాన్ని. తర్వాత నేను వేరే స్టూడియో పెట్టుకున్నాను. అప్పుడు ఆమె ముఖం చిన్నబుచ్చుకుంటుందేమోనని భయపడ్డాను. ఆమె పొద్దున్నే వచ్చి, నా గోడల రంగు బాగాలేదని పోట్లాడి, మార్పించి వెళ్ళింది.

రెండేళ్ళ కింద వానాకాలంలో ఆమె పోయింది. దవాఖానలో ఉన్నప్పుడు రోజూ వెళ్ళేదాన్ని. మాట బాగా సన్నబడిపోయింది. వెళ్ళగానే బయట మబ్బెట్లుందని అడిగేది. ఒకరోజు ధర్మసాగర్‌లో తెల్లవారుజామున తీసిన ఫోటోను ఫోన్‌లో చూపించాను. కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది. "నీళ్ళు జర ఎక్కువ మెరుస్తానయ్" అంది. నేను ఏడుపూ నవ్వూ కలిసిపోయి బయటికి వచ్చేశాను. ఇంటికి వెళ్ళి మళ్ళీ చూస్తే నిజంగానే కొంచెం ఎక్కువగా ఉన్నాయి.

ఇప్పుడు ఈ అద్దాలు ఎవరూ పెద్దగా వాడటం లేదు. ఫోనే ఆకాశాన్నీ నేలనూ సర్దేస్తోంది. నేను అతికించిన ఆకాశాలకంటే అందమైనవి కంప్యూటరే, మనం కన్ను మూసి తెరిచేలోపు అతికిస్తోంది. దాన్ని నేనేం తప్పుపట్టను, నా పొట్ట గడిచింది ఆ పనితోనే. కానీ ధర్మసాగర్‌కు వెళ్ళినప్పుడు మాత్రం ఆ రవికె గుడ్డ సంచి వెంట ఉండాల్సిందే. అంచు కాస్త పెచ్చూడిన ఆ గట్టి అద్దం ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఫోటో కూడా నా దగ్గరికే వచ్చింది, నా స్టూడియోలో గుమ్మానికి ఎదురుగా ఉంది.

పోయిన వారం ఒక పెళ్ళికూతురి తల్లి ఆల్బమ్ మాట్లాడటానికి వచ్చి, ఆ ఫోటో ముందు ఆగింది. అందరూ అడిగినట్టే అడిగింది: "గా చెట్ల తలకాయలు నల్లగ ఎందుకున్నయ్ మేడం? సరిచెయ్యరాదుండె?"

"మా అక్క చెయ్యి అడ్డం పెట్టింది" అన్నాను.

ఆమెకు అర్థం కాక నవ్వింది. నేను లేచి వెళ్ళి, ఆమెను కిటికీవైపు తిప్పి నిలబెట్టాను. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ కళ్ళల్లో కొడుతోంది. ఆమె నుదుటి మీద నా అరచెయ్యి అడ్డంగా ఆనించి, ఇప్పుడు కింద ఏం కనిపిస్తుందో చెప్పమని అడిగాను.